గుసగుసల పోట్లాట

ఆగస్టు 18
అడవి కాపలా గది నుంచి

వదినా,

ముందు పని మాట చెప్పేస్తాను. కబుర్లు మొదలుపెడితే కాగితం నిండిపోయి పని మాట అంచున ఇరుక్కుంటుంది. నీ కుట్టుమిషన్ కింద మూటగట్టి పడేసిన పాత దుప్పట్లు, కర్టెన్లు ఎన్ని ఉంటే అన్ని నాకు కావాలి. ఒకదానికొకటి కలిపి కుట్టి, నాలుగు మూలలా వెడల్పాటి గుడ్డ పట్టీలు పెట్టి పంపు. తాళ్ళు వద్దు, చెట్ల బెరడు కోసుకుపోతుంది. మేకుల ఊసే ఎత్తకు.

ఎందుకంటే, అక్టోబరులో మా అడవిలో పండగ. రెండు రోజులు పాటలు, వాయిద్యాలు, బొమ్మలు. ఆలోచన మా పై అధికారిది, చాకిరీ నాది. నీ గుడ్డల్ని చెట్ల మధ్య గోడల్లా కడితే బొమ్మలు గీసేవాళ్ళు వాటి మీద బొగ్గుతోనూ మట్టితోనూ ఆకుపసరుతోనూ గీస్తారట. మైకులు లేవు, కరెంటు లేదు. వినాలనుకున్నవాళ్ళు దగ్గరికొచ్చి కూర్చోవాల్సిందే. మొదటి కచేరీ ఎవరిదో తెలుసా? పక్షులది. తెల్లవారగానే వచ్చినవాళ్ళందరూ గంటసేపు నోరు మూసుకుని వాటిని వింటారు. ఆ గంట మాత్రం నా ఆలోచన, దాని గురించి ఎవరైనా వంక పెడితే ఊరుకోను. ఈ మధ్య వాగు దగ్గర ఒక పిట్ట కొత్తగా దిగింది. మూడు స్వరాలు పలికి, నాలుగోది మర్చిపోయినట్టు ఆగిపోతుంది. పొద్దున్నే దానికోసం పళ్ళు కూడా తోముకోకుండా బయటికి పరిగెడుతున్నాను.

ఊళ్ళో డోళ్ళ బృందం కూడా వస్తోంది. వాళ్ళ డోళ్ళన్నీ ఎవరు చేసినవో నేను అడగలేదు, నువ్వూ చెప్పక్కర్లేదు. కిందటేడు గాలివానకి వాలు మీది పెద్ద మాను పడిపోయినప్పటినుంచి అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. పడిన చెట్టు పడిన చోటే ఉండాలన్నది ఈ అడవి నియమం. నేను పెట్టింది కాదు. ఆ మాను మీద పుట్టగొడుగులు, పురుగులు, వాటిని తిని పక్షులు బతకాలి. డోళ్ళకి పనికొస్తుందని అన్నయ్య బండి మాట్లాడుకుని, తోటి పనివాళ్ళని వెంటబెట్టుకుని వస్తే కుదరదన్నాను. దానికి ఏడాది మౌనమా? నేనేం మానుని నెత్తిన పెట్టుకుని పోతున్నానా?

డోళ్ళకి పట్టించే సరేసు జిగురు కాచినప్పుడు వచ్చే ఆ దగ్గు తగ్గిందా? నీ సంగతి కాదు అడిగేది.

ఇక్కడ ఫోను పలకదని మర్చిపోకు. మంగళవారం, శుక్రవారం వచ్చే సరుకుల బండి మీదే ఏదైనా. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు
ఉడత


ఆగస్టు 25
మిషను ముందు నుంచి

మా ఉడతకి,

ఇంట్లో అందరినీ అడిగావు. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం. ఉత్తరం నా పేర వచ్చింది కాబట్టి నన్ను తీసెయ్. ఇంక మిగిలిన ఆ 'అందరూ' ఎవరమ్మా?

దుప్పట్లు కుడుతున్నాను. పువ్వుల కర్టెను ఒకటి ఉంది, అది కూడా కలిపేస్తున్నాను. మీ బొమ్మలవాళ్ళు మొహం చిట్లిస్తే చిట్లించనీ, గట్టి గుడ్డ. నర్సింగు కాలేజీ వాళ్ళ యూనిఫారాలు నెత్తిమీద ఉన్నాయి గనక పగలు వాటి పని, సాయంత్రం నీ పని.

మా గది నువ్వు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మధ్యలో తెర, ఇటు నా మిషను, అటు మీ అన్నయ్య డోళ్ళు. పొద్దుటినుంచి ఇటు నేను టకటక, అటు ఆయన టకటక. నీ ఉత్తరం వచ్చిందని చెప్తే "ఆ కవరు నేను ముట్టుకోను" అన్నారు. "ముట్టుకోమని ఎవరు బతిమాలారు?" అన్నాను. నేను చదువుతున్నంతసేపూ అటువైపు సుత్తి చప్పుడు లేదు. కాగితం మడిచి కవర్లో పెట్టాక మొదలైంది. ఎలుక పిల్లిని గమనించినట్టు తెర కింద నుంచి నా కాళ్ళు చూస్తూ కూర్చుని ఉంటారు.

దగ్గు ఉంది. కిటికీ తీసి సరేసు కాచమంటే గాలికి మంట కదులుతుందంటారు. నీ అన్నయ్యే కదా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, కుదురుగా కూర్చుని చదువు. నిన్న టీ తాగుతూ, నా వైపు చూడకుండా, గ్లాసుతో మాట్లాడుతున్నట్టు అన్నారు: "ఉడత విషయంలో నేనే తొందరపడ్డాను." ఒక్కసారే అన్నారు. మళ్ళీ అనమంటే అనరు. కాబట్టి ఈ మాట నీకు తెలిసినట్టు ఎక్కడా బయటపడకు. ఆయన సిగ్గుపడితే మళ్ళీ ఏడాది పడుతుంది.

మీ వదిన


సెప్టెంబర్ 5

వదినా,

ఉత్తరం వాగు ఒడ్డున చదివాను. చదివి, నమ్మలేక, బండి నడిపే ఆయన్ని పిలిచి ఆ ఒక్క ముక్క ఆయనతో కూడా చదివించాను. ఆయన "ఎవరు తొందరపడ్డారమ్మా, ఏమైనా ప్రమాదమా?" అన్నాడు.

అన్నయ్య నోట ఆ మాటా? చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టి, పలకదే తప్పని వాదించిన మనిషి. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచుకోవాలి. ఏడాదిగా ఆ వాలు మీదుగా రోజూ తిరుగుతున్నాను, ఆ మాను కనిపించినప్పుడల్లా తల తిప్పుకుని పోయేదాన్ని. ఇవాళ దాని మీద కూర్చుని టీ తాగాను.

నేను కూడా పెద్ద మనసు చేసుకోవాలి కదా. తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకా గుచ్చకూడదు. తనంతట తను నోరు విప్పేదాకా ఆ ప్రస్తావనే తేను. చెప్పాక "పోనీలే అన్నయ్యా" అంటాను. ఈ మాట అద్దంలో చూసుకుని రెండుసార్లు అనుకున్నాను, బాగానే వచ్చింది.

ఇంక కష్టం చెప్పనా. డోళ్ళ బృందం ఆదివారం ఇక్కడ సాధనకి వచ్చారు. ఈ చెట్ల కింద తేమకి తోళ్ళన్నీ సడలిపోయాయి. మోగించబోతే తడి బట్టలు ఉతుకుతున్నట్టుంది. "వీటిని చేసినాయన పక్కనే ఉండి సెగ చూపించి బిగిస్తుంటే తప్ప మా వల్ల కాదు" అన్నాడు వాళ్ళ పెద్దాయన. నేను ఆకాశం వైపు చూశాను. అన్నయ్యని పిలవాలంటే నాకు నోరు రాదు. పిలవకపోతే పండగలో డోళ్ళు లేవు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి వదినా, నీకు చేతనవునని నాకు తెలుసు.

మూడు స్వరాల పిట్టకి నాలుగోది ఇంకా దొరకలేదు.

ఉడత


సెప్టెంబర్ 16

ఉడతా,

వస్తున్నారు. పండగకి మూడు నాలుగు రోజుల ముందే వచ్చి, అయ్యేదాకా ఉంటారు. ఎలా ఒప్పించావని అడగకు. కొంచెం నీ ఉత్తరం, కొంచెం నా నోరు. నీ ఉత్తరాలు ఆయన ముట్టుకోరు కదా, రెండూ నేనే పైకి చదివి వినిపించాను. విన్నాక లేచి, బూజుపట్టిన పెట్టె దింపి దులిపారు. ఈల వేశారు కూడా. పెళ్ళయిన కొత్తలో విన్న ఈల.

నేను రాలేను. యూనిఫారాలు పదిహేనో తేదీకి ఇవ్వాలి, ఆ కాలేజీ ఆవిడ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. నిలబడితే కుట్టు త్వరగా అవుతుందనుకుంటుంది కాబోలు.

నీకు రెండు ముక్కలు. ఆయన వచ్చాక పాత సంగతి నువ్వు ఎత్తకు. ఆయన ఎత్తితే వాదించకు, తలూపు. ఆయనకీ ఇదే చెప్పి పంపిస్తున్నాను. ఇద్దరూ తలలూపుకుంటూ రెండు రోజులు గడిపేస్తే ఆ తర్వాత మీకే అలవాటైపోతుంది.

పెట్టెలో సుత్తి, తోళ్ళు, తాళ్ళు, కుంపటి అన్నీ సర్దుకున్నారు. పెద్ద రంపం కూడా గుడ్డ చుట్టి పెట్టుకున్నారు. ఎందుకో మరి. డోళ్ళకి అవసరమేమో, నాకేం తెలుసు. గుడ్డ గోడలు ఆయనతోనే పంపిస్తున్నాను.

మీ వదిన


అక్టోబర్ 9

వదినా,

అన్నయ్య నిన్న బండి దిగాడు. జుట్టు బాగా నెరిసింది, నువ్వు రాయనేలేదు. దిగగానే "చిక్కిపోయావే" అన్నాడు. అంతే. ఏడాది తర్వాత మొదటి మాట అది.

కానీ వదినా, ఎంత మర్యాదగా ఉంటున్నాడో చూస్తే భయమేస్తోంది. నేను టీ ఇస్తే రెండు చేతులతో తీసుకుంటున్నాడు. నా వైపు చూసి, చిన్నపిల్లని క్షమించేసినట్టు ఒక నవ్వు నవ్వుతున్నాడు. తప్పు ఒప్పుకోవాల్సిన మనిషి అలా నవ్వుతాడా? సిగ్గుతో అలా నవ్వుతున్నాడనుకుని నేనూ అలాగే నవ్వుతున్నాను. నిన్న సాయంత్రమంతా ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు క్షమించేసుకుంటూ గడిపాం. నోటితో కాదు, నవ్వులతోనే. దవడలు నొప్పెట్టాయి.

ఇవాళ పొద్దున "మరి ఎప్పుడు చూపిస్తావ్?" అన్నాడు. మాను దగ్గరికి వెళ్ళి అక్కడ ఆ మాట అందామనుకుంటున్నాడని నాకు అర్థమైంది. "పండగ కానీ అన్నయ్యా, నిదానంగా" అన్నాను. "సరే, నీ ఇష్టం, నువ్వు ఇంతదూరం వచ్చావు, నేను ఆగలేనా" అన్నాడు. ఇంతదూరం వచ్చింది తను కదా? రంపం ఎందుకంటే "నీకు తెలీదా" అని కన్ను కొట్టాడు. నాకు తెలీదు.

నీ గుడ్డ గోడలు కట్టేశాం. పువ్వుల కర్టెను దగ్గరే బొమ్మలవాళ్ళు కొట్టుకుంటున్నారు, అందరికీ అదే కావాలట.

ఉడత


అక్టోబర్ 11

ఉడతా,

బండి గుమ్మంలో ఉంది, రెండు ముక్కలు రాస్తున్నాను. ఆయన్ని ఆ మాను దగ్గరికి పోనివ్వకు. రంపం దాచెయ్. ఉతికిన దుప్పట్ల కింద పెట్టు, అక్కడ మగవాళ్ళు వెతకరు. నీ ఉత్తరాలు చదివి వినిపించినప్పుడు నేను కొంచెం ఉప్పూ కారం కలిపి ఉంటాను. ఎంత కలిపానో ఇప్పుడు గుర్తు లేదు. దాన్ని పట్టుకుని ఆయన ఏం ఊహించుకున్నారో నాకిప్పుడు తెలుస్తోంది.

నువ్వు కోప్పడకు. తలూపు.

వదిన


అక్టోబర్ 15

వదినా,

రంపం దాచమన్న నీ ఉత్తరం పండగ అయిపోయాక, ఇవాళ చేతికొచ్చింది. ఆలస్యంగా వచ్చినందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది. అయినా నీ మీద కోపం కోపమే, అది చివర్లో చెప్తాను.

పన్నెండో తేదీ తెల్లవారుతూనే గడ్డి మైదానం నిండిపోయింది. చాపల మీద, దుంగల మీద, ఒకరి భుజం మీద ఒకరు వాలి జనం కూర్చున్నారు. పసిపిల్లలు కూడా గప్‌చుప్. నేను చెయ్యెత్తి సైగ చేశాను, మాటలు ఆగిపోయాయి. చెట్లలో ఒకటొకటే పక్షులు మొదలుపెట్టాయి. ఏడాదంతా ఆ గంట కోసమే బతికినట్టుంది నాకు. అప్పుడు తల తిప్పి వాలు మీదికి చూస్తే ఏముంది, మాను పక్కన అన్నయ్య. చేతిలో కొలత పట్టీ, కాళ్ళ దగ్గర రంపం. జనమంతా కింద ఉన్నారు, పనికి అడ్డం ఉండదని వచ్చాడట.

వంగి వంగి పైకి పరిగెత్తాను. అరవడానికి లేదు. కింద అంతమంది చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను గుసగుసగా.

"కొలుస్తున్నా. కొయ్యడం నువ్వు చెప్పాకే."

"నేనెందుకు చెప్తాను?"

"ఇస్తానన్నావుగా."

"ఎప్పుడన్నాను?"

"ఉత్తరంలో రాశావు. 'అన్నయ్య అడిగినప్పుడు కాదనకుండా ఉండాల్సింది, నాదే తప్పు' అని. మీ వదిన చదివింది, నేను విన్నాను."

"నేనలా రాయనేలేదు. తొందరపడ్డానని ఒప్పుకున్నది నువ్వు. టీ తాగుతూ."

"నేనా? ఎవరితో?"

"వదినతో."

నవ్వొచ్చిందనుకుంటున్నావేమో, లేదు. ఒళ్ళు మండింది. "అంటే నువ్వు తప్పు ఒప్పుకోలేదన్నమాట" అన్నాడు. "నువ్వూ ఒప్పుకోలేదన్నమాట" అన్నాను. ఇంక మొదలైంది. ఏడాదిగా దాచుకున్నదంతా గుసగుసల్లోనే తిట్టుకున్నాం. కింద ఒకావిడ వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టింది. నియమం పెట్టిన నేనే తప్పుచేసినట్టు తల దించుకుని, గొంతు ఇంకా తగ్గించి తిట్టాను. అరిచే వీలే ఉంటే ఎప్పటిలా అరిచేసి ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. అంత చిన్న గొంతుతో మాట్లాడాలంటే దగ్గరికి జరగాలి కదా. జరిగి జరిగి ఇద్దరం ఆ మాను మీదే భుజం భుజం తగిలేలా కూర్చున్నాం.

అప్పుడు అన్నాడు వదినా, నేలకేసి చూస్తూ. "మాను కోసం కాదే నా బాధ. నా తోటివాళ్ళ ముందు 'అన్నయ్యైనా ఒకటే, దారిన పోయేవాడైనా ఒకటే' అన్నావు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని చెట్టెక్కడం నేర్పింది దారిన పోయేవాడా?"

ఆ మాట అన్నాను. అన్నట్టు నాకు గుర్తే లేదు, కానీ వినగానే నా గొంతే అని తెలిసిపోయింది. "ఉద్యోగంలో కొత్త" అన్నాను. "మా అధికారి పక్కనే నిలబడి ఉన్నాడు. నీ మొహం చూస్తే ఇచ్చేస్తానని భయమేసింది. నిజంగా దారిన పోయేవాడివైతే అంత గట్టిగా అనాల్సిన పనేముంది అన్నయ్యా?"

అన్నయ్య రంపానికి మళ్ళీ గుడ్డ చుట్టాడు. మాను మీద చెయ్యి వేసి వేళ్ళతో రెండుసార్లు తట్టాడు. "లోపల పుచ్చిపోయింది. ఇదెలాగూ డోలుకి పనికిరాదు" అన్నాడు. నాకు డోళ్ళు చెయ్యడం రాకపోయినా ఆ ఇంట్లోనే పెరిగాను. అది పుచ్చిన చెక్క చప్పుడు కాదు, గంటలా మోగింది. అబద్ధాలాడటం అన్నయ్య కూడా నీ దగ్గర నేర్చుకున్నాడన్నమాట.

నవ్వు అప్పుడొచ్చింది. "టీ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు అన్నావట" అన్నాను, అంతే. నోటికి అరచేతులు అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా ఇద్దరం నవ్వాం. గంట అయ్యాక ఒక పెద్దాయన వచ్చి "పక్షుల పాటకి మీ ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకోవడం చూశాను, నాకూ ఆగలేదు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెప్పను, తలూపాను.

ఆ రెండు రోజులూ అన్నయ్య కుంపటి పక్క నుంచి కదల్లేదు. ఒక్కొక్క డోలుకీ సెగ చూపించి, బిగించి, చెవి ఆనించి పంపించాడు. మైకు లేకుండా ఆ మోత వాగు అవతలికి వినపడింది. ఫిడేళ్ళవాళ్ళు, పాటలవాళ్ళు కూడా అన్నయ్య చుట్టూనే చేరారు. "మా చెల్లెలి అడవి" అని అందరికీ చెప్పుకుంటున్నాడు, నేను విననట్టు నటించాను. మా అధికారి వచ్చే ఏడు కూడా చేద్దామన్నాడు. నేను ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

ఇప్పుడు నీ సంగతి. ఇద్దరం మాట్లాడుకున్నాం. ఇద్దరికీ నీ మీద ఒకేలా కోపం ఉంది. మిగతాది అన్నయ్య రాస్తాడట.

ఉడత

నీకు,

నువ్వు చేసింది తప్పు. నేను, చెల్లెలు కలిసి తేల్చాం. లేని ముక్క ఉన్నట్టు చదువుతావా? అంత గడగడా చదివితే నిజమనుకున్నాను. ఈ గది కప్పు రెండు చోట్ల కారుతోంది, అది బాగుచేసి గాని రాను. సరేసు గిన్నె మీద మూత ఉందో లేదో చూడు. వచ్చాక మాట్లాడుకుందాం. దగ్గు లేదు ఇక్కడ.

నేనే


అక్టోబర్ 18

ఉడతకీ, ఉడత వాళ్ళ అన్నయ్యకీ,

ఇద్దరికీ ఒకే ఉత్తరం. ఎవరు ముందు చదవాలని గొడవపడకండి, పక్కపక్కన కూర్చుని చదవండి. ఈసారి పైకి చదివి వినిపించడానికి నేను లేను గనక ఒక్క ముక్క కూడా ఎక్కువ ఉండదు.

తప్పు చేశానట, ఇద్దరూ కలిసి తేల్చారట. ఏడాదిగా ఒక్క విషయంలోనూ కలవని మనుషులు కలిసి తేల్చిన మొదటి సంగతి అదేనైతే నాకేం బాధ లేదు. చెప్పానా తలూపమని? ఊపి ఉంటే ఇంత గొడవే లేదు. సరే, గొడవే మంచిదయింది.

కానీ లేనిది కల్పించానంటే మాత్రం ఒప్పుకోను. నేను కుట్టుపని చేసేదాన్ని. కొలత తీసేటప్పుడు ఎవరూ ఉన్నట్టు నిలబడరు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుంటారు. పట్టీ చెప్పిన కొలతకే కుడితే మనిషికి పట్టదు. అందుకని చూసి, కొంచెం వదులు పెట్టి కుడతాం. మీ ఇద్దరి మాటలకీ నేను చేసింది అదే.

ఉడతా, 'నాదే తప్పు' అని నువ్వు రాయలేదు. మొదటి ఉత్తరంలో రెండు పేజీలు పిట్టల గురించి రాసి, మధ్యలో ఏ సంబంధమూ లేకుండా దగ్గు తగ్గిందా అన్నావు. దాన్ని అలాగే చదివితే మీ అన్నయ్యకి అర్థమయ్యేదా?

ఆయన కూడా 'తొందరపడ్డాను' అనలేదు. ఏమన్నారో ఇప్పుడు రాస్తాను. పక్కనే ఉన్నారుగా, కాదంటే కాదనమను. ఈ ఏడాదంతా ఇక్కడ వాన మొదలైతే చాలు, సుత్తి కింద పెట్టి గుమ్మంలోకి వెళ్ళి నిలబడేవారు. "అడవి వైపు కూడా పడుతోందంటావా?" అని అడిగేవారు. నాకేం తెలుసు, పడుతోందేమో అనేదాన్ని. "ఆ గది కప్పు గట్టిదేనా?" అనేవారు. గట్టిదేనండీ అన్నాక కూడా వాన వెలిసేదాకా అక్కడే నిలబడేవారు. వెలిశాక వచ్చి, ఏమీ జరగనట్టు సుత్తి తీసుకునేవారు. ఒక్కసారి కాదు ఉడతా, వాన పడిన ప్రతిసారీ. అది ఉన్నదున్నట్టు రాసి ఉంటే, వదిన వానల గురించి రాసింది అనుకుని మడిచి పెట్టేసేదానివి. అందుకని 'నేనే తొందరపడ్డాను' అని రాశాను. అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

యూనిఫారాలు ఇచ్చేశాను. మంగళవారం బండికి వస్తున్నాను. నన్ను తిట్టాలని ఉంటే తిట్టండి. కాకపోతే ఒకరి తర్వాత ఒకరు కాదు, ఇద్దరూ కలిసి తిట్టండి.

వదిన
(ఆయనకైతే, ఏమేవ్)